హన్మాండ్లు గారి మొదటి ప్రశ్న

శ్రీలత మామగారు హన్మాండ్లుకు ఎక్కడ కాలుపెట్టినా ముందు బాత్రూం ఎక్కడో తెలియాలి. స్వర్గానికి వెళ్లినా ఇంద్రుణ్ణి పలకరించకముందే ఆ సంగతి అడుగుతారు. ఒకప్పుడు సౌదీలోని జుబైల్‌లో ఫిట్టర్‌గా చేసినప్పుడు నేర్చిన అరబ్బీలో ఆయనకు మిగిలింది ఆ ఒక్క ప్రశ్నే: "హమ్మాం వేన్?"

ఇప్పుడు అదే జుబైల్‌లో ఉన్న కొడుకును చూడటానికి వచ్చారు. శ్రీలత తల్లి ముత్యవ్వ కూడా ఆయనతోపాటే వచ్చింది. మాల్‌లో అడిగారు, బంగారం దుకాణంలో అడిగారు. కొడుకు మేనేజరు భోజనానికి పిలిస్తే చెప్పులు విడవకముందే అడిగారు. శ్రీలతకు తల కొట్టేసినట్లయింది.

ఆ మేనేజరు కుటుంబంతోనే క్రూజ్‌కు వెళ్లాల్సి రావడం ఆమె ఖర్మ. ఓడ ఎర్రసముద్రం ఒడ్డున ఒక రేవులో పగలంతా ఆగింది. గైడ్ ఖాలిదా అందరినీ బస్సెక్కించి, బైజాంటిన్ కాలంనాటి కట్టడాలు చూపించడానికి తీసుకెళ్లింది. ఈ ఒక్కరోజు ఆ మాట ఎత్తొద్దని శ్రీలత మామగారిని బతిమాలింది. ఆయన బుద్ధిగా తలూపారు.

మొదటిది పాత చర్చి. నేలంతా రంగురాళ్లతో పరిచిన నెమళ్లు. ఖాలిదా గొంతు తగ్గించి కథ మొదలుపెట్టింది.

"బేటీ, హమ్మాం వేన్?"

మేనేజరు భార్య నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. శ్రీలత తల ఎంతగా దించుకుందంటే, ఆయన వెనక ఎవరు వెళ్తున్నారో కూడా చూడలేదు.

రెండోది ఆ కాలంనాటి స్నానశాల. అరబ్బీలో దాన్నీ హమ్మాం అనే అంటారు. మీరడిగేది ఇదే బాబా, అని ఖాలిదా నవ్వింది. ఇది కాదు, నీళ్లొచ్చేది కావాలన్నారాయన.

మూడోచోటా ఆయన అదే అడిగేసరికి శ్రీలతకు ఓపిక నశించింది. నాలుగు మాటలు అనేద్దామని వెంటే వెళ్లింది. ఆయన బాత్రూం లోపలికి పోనేలేదు. నీళ్ల సీసా పట్టుకుని ఖర్జూర చెట్టు కింద నిలబడ్డారు. లోపలినుంచి ముత్యవ్వ వచ్చింది.

"తాగుండ్రి అక్కా," అని సీసా అందించారు. "దూప పట్టుకొని కూసుంటే మల్ల బీమారైతరు. అడుగుడు నాకు ఇడిసిపెట్టుండ్రి."

"మీ ఇజ్జత్ పోతున్నది గద అన్నా."

"నా ఇజ్జత్‌కేమైంది, గట్టిగనే ఉన్నది."

శ్రీలత గోడచాటునే ఆగిపోయింది. పోయినేడు ఒక పెళ్లి ప్రయాణంలో, వియ్యాలవారి ముందు బాత్రూం అనలేక చుక్క నీళ్లు ముట్టకుండా కూర్చుని, తల్లి ఆస్పత్రి పాలైంది. కూతురు ఆ సంగతి మరిచిపోయింది, వియ్యంకుడు మరిచిపోలేదు. పొద్దుటినుంచి పడ్డ సిగ్గంతా ఒకెత్తు, ఇప్పటిది ఒకెత్తు.

చివరిది కోటబురుజు. ఖాలిదా కథ అందుకుంది. హన్మాండ్లు గొంతు సవరించుకున్నారు. అంతలోనే శ్రీలత, మేనేజరు భార్య పక్కనే నిలబడి, చెయ్యెత్తి గట్టిగా అడిగింది.

"హమ్మాం వేన్?"

హన్మాండ్లు కంగారుగా కోడలి దగ్గరికి వచ్చారు.

"జర మెల్లగ అడుగు బిడ్డా. నలుగురున్నరు."