బంగినపల్లి కాయలతో తూచిన పిల్లికూన

మొన్న మా మనవరాలు కాలేజీ నుంచి వస్తూ వస్తూ ఒక పిల్లికూనను వెంటబెట్టుకొచ్చింది. ఎముకలగూడులా ఉన్న దాన్ని తువ్వాలులో చుట్టి, నూజివీడులో పశువుల డాక్టరుకి చూపించి, మందులతో, తిండి ప్యాకెట్లతో, అంకెలు వెలిగే బుల్లి కాటాతో సహా ఇంట్లో దిగింది. దాన్ని ఆ కాటా మీద నిలబెట్టడానికి తను పడుతున్న తంటాలు చూస్తుంటే నాకు నవ్వాగలేదు. మేము మా పిల్లిని మామిడికాయలతో తూచామే అంటే, నాయనమ్మ కోతలు కోస్తోందని కొట్టిపారేసింది. మీరైనా నమ్ముతారని చెబుతున్నాను.

నేను కాపురానికొచ్చింది మామిడికాయ కోతల రోజుల్లో. జి. కొండూరు దగ్గర మా పుట్టింట్లో పొద్దు పొడిచింది మొదలు మాటలే మాటలు. ఒకరు చెప్పేది పూర్తికాకముందే ఇంకొకరు అందుకునేవాళ్ళు. అలాంటిదాన్ని విస్సన్నపేట అవతల తోటల మధ్యనున్న మా అత్తగారింట్లో అడుగుపెట్టేసరికి ఊపిరాడలేదు. మావారు కోతలతో, కూలీలతో తోటలోనే ఉండిపోయేవారు. మామగారు రోజు మొత్తం మీద నాలుగు మాటలు మాట్లాడితే గొప్ప. అత్తగారు కోపిష్టి మనిషి కాదు గాని మాట పొదుపు; ఆవిడ ఏమీ అనకపోవడమే నాకు భయంగా ఉండేది. ఉప్పు ఎక్కువైందో తక్కువైందో కూడా ఆవిడ ముఖం చూసి పోల్చుకోవాల్సిందే.

ఇంటి వాడకానికి కాయలు గడ్డిలో మాగవేసే కొట్టు ఒకటి పెరట్లో ఉండేది. అక్కడ దొరికిందీ కూన. తల్లి ఏమైందో తెలియదు. పాలు మరిచి గెంతులు వేయాల్సిన వయసులో ఉండి కూడా నాలుగడుగులు వేస్తే తూలిపోయేది. ఒంటి మీద చెవులు తప్ప ఇంకేమీ ఉన్నట్టు కనిపించేది కాదు. అత్తగారికి పిల్లులంటే పడదు, ఎప్పుడో ఒక పిల్లి నిండు పెరుగు కుండను నేలపాలు చేసిందట.

“లోపలికి మాత్రం రానివ్వకమ్మాయ్. ఆఖరి లోడు నూజివీడు వెళ్ళేటప్పుడు డ్రైవరుకిచ్చి మార్కెట్ యార్డులో వదిలేయిద్దాం,” అన్నారు.

అంత పొడుగు మాట ఆవిడ నాతో అనడం అదే మొదలు. అయ్యో, ఈ ఒంటితో అక్కడి కుక్కల మధ్య ఇది ఒక్క పూటైనా బతుకుతుందా అని నా గుండె నీరైపోయింది. సరే, లారీ వచ్చేలోగా దీన్ని నిలబెడితే చాలనుకుని, ఎవరూ చూడకుండా పొద్దున్నే ఒకసారి, దీపాల వేళ ఒకసారి చిక్కటి గేదెపాలు పోయడం మొదలుపెట్టాను. ఆవురావురుమని తాగేది. పొట్ట డోలులా ఉబ్బింది గాని వెన్నుపూస మాత్రం ఎప్పటిలాగే పైకి పొడుచుకుని ఉండేది. దానికి తోడు విరేచనాలు పట్టుకున్నాయి. ఒకరోజు పొద్దున పిలిస్తే తల కూడా ఎత్తలేదు. గాదె వెనక కూర్చుని వెక్కివెక్కి ఏడుస్తున్నాను.

మామగారు వచ్చి చూశారు. ఏమీ అనకుండా ఒక కాయలబుట్టలో గడ్డి పరిచి, కూనను అందులో పడుకోబెట్టి, బండి కట్టించారు. నేను ఎక్కి కూర్చున్నాక చూద్దును కదా, అత్తగారు చీర మార్చుకుని గబగబా వస్తున్నారు. ఎవరు పిలిచారని మామగారూ అడగలేదు, ఎందుకొస్తున్నానని ఆవిడా చెప్పలేదు.

పశువుల ఆసుపత్రిలో డాక్టరుగారు కూన పొట్ట నొక్కి చూసి, ఏం పెడుతున్నారని అడిగారు. రెండు పూటలా పాలండీ అన్నాను.

“పాలొక్కటే తాగితే ఇలా ఉండదమ్మా. ఇంకేం పెట్టారు?”

మామగారు గొంతు సవరించుకుని, “పొద్దున నా చద్దన్నంలో రెండు ముద్దలు వేస్తున్నానండీ,” అన్నారు. నేను తెల్లబోయి చూస్తుండగానే, అత్తగారు గోడకేసి తిరిగి, “మధ్యాహ్నం పులుసులో చేపముక్క నేను పెడుతున్నానండీ. కారం కడిగే పెట్టాను,” అన్నారు.

డాక్టరుగారు కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకునేంతగా నవ్వారు. ముగ్గురూ కలిసి దాన్ని చంపేటట్టున్నారండీ అని, పాలు పూర్తిగా మానిపించి, కడుపులో ఏలికపాములు పోయే మందు వేశారు. ఉడికించిన చేప ముళ్ళు తీసి, గుడ్డు, కొంచెం మెత్తటి అన్నం, ఉప్పూ కారం లేకుండా కొద్దికొద్దిగా నాలుగు పూటలు పెట్టమన్నారు. ఒక్కసారిగా లావెక్కించాలని చూడొద్దని, పక్కటెముకలు చేతికి తగలాలి గాని కంటికి కనిపించకూడదని, వారానికోసారి తూచి చూసుకోమని చెప్పి పంపారు.

చిక్కంతా ఆ తూచడం దగ్గరే వచ్చింది. తోటలోని పెద్ద కాటాకి ఈ కూన ఒక లెక్క కాదు. వంటింటి తక్కెడ తీస్తే రాళ్ళు కనిపించలేదు. అత్తగారు చటుక్కున కొట్టులోకెళ్ళి రెండు బంగినపల్లి కాయలు తెచ్చి ఒక సిబ్బిలో వేశారు, రెండోదాంట్లో కూనను కూర్చోబెట్టాను. కాయలే కిందికి దిగాయి. ముగ్గురం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం.

ఆ రోజు నుంచి ఇంటి తీరే మారిపోయింది. వంతులు వేసుకున్నాం కాబట్టి ఒకరినొకరు అడగక తప్పేది కాదు. తిందా, ఎంత తింది, మిగిల్చిందా, ఇవే కబుర్లు. చేపముళ్ళు తీస్తూ కూర్చున్నప్పుడు అత్తగారు తన కొత్తకాపురం సంగతులు చెప్పేవారు. వాళ్ళత్తగారి అడుగుల చప్పుడు వింటే చేతిలో గరిటె జారిపోయేదట. ఆవిడకి కూడా భయమేసేదా అని నేను పకపకా నవ్వేస్తే ఆవిడా నవ్వారు. ఒక వారం కూన బరువు తగ్గినట్టు తేలేసరికి ఇంట్లో పెద్ద గొడవ. ఎవరు పెట్టడం మానేశారు, ఎవరు దొంగతనంగా పాలు పోశారని ఒకరినొకరు నిలదీసుకుంటుంటే, మావారు భోజనానికొచ్చి, సిబ్బిలో కాయలు తీసి చూసి, “అమ్మా, ఈవారం పెద్దకాయలు వేశావే!” అన్నారు. మామగారు ఆ సాయంత్రమే షెడ్డులోంచి తూకపురాళ్ళు వెతికి తెచ్చారు.

ఆఖరి లోడు లారీ రానే వచ్చింది. నేను వంటింటి గుమ్మం చాటు నుంచి చూస్తున్నాను. పిల్లినేదో తీసుకెళ్ళాలన్నారు కదండీ అని డ్రైవరు అడిగాడు. అప్పటికి అది నున్నగా, నిండుగా, అరుగు మీద వెల్లకిలా పడుకుని ఎండ కాగుతోంది.

“ఇంకా ఒళ్ళు చెయ్యలేదు బాబూ, ఇప్పుడెలా పంపుతాం?” అన్నారు అత్తగారు, దాన్ని చీరచెంగు చాటు చేస్తూ.

అది చాలా ఏళ్ళు బతికింది. పిల్లల్ని పెట్టింది. అత్తగారి మంచం కింద తప్ప ఇంకెక్కడా పడుకునేది కాదు.

మా కోడలు పెళ్ళికి ముందే నాతో ఫోన్‌లో గంటలు గంటలు మాట్లాడేది. ఇంట్లో అడుగుపెట్టిన రోజే ఫ్రిజ్ తీసి, అత్తయ్యా, ఆకలేస్తోంది, ఏమున్నాయి అంది. నాకెంత హాయిగా అనిపించిందో! మేము పడిన బెరుకు ఈ పిల్లలు పడనక్కర్లేదు, పడకూడదు కూడా. కానీ నోరు విప్పని ఒక మనిషి ఒక వేసవి పొడుగునా కొంచెం కొంచెంగా నాకు దగ్గరవుతుంటే, ఇవాళ ఏం మాట్లాడతారో అని పొద్దున్నే లేచి ఎదురుచూసిన ఆ సంబరం ఉంది చూశారా, అది ఎలా ఉంటుందో మా కోడలికి చెబుదామని ఎన్నిసార్లు మొదలుపెట్టినా, నాకు మాటలు చాలవు.