లిఫ్టు మావయ్య సందేహం

లిఫ్టు మావయ్యకి నోరు ఊరుకోదు. తలుపు మూసుకోగానే ఎక్కినవాళ్ళని ఒకటే అడుగుతాడు: "మీ దేశంలో దేవుడికి పనెంతండీ?"

మావయ్య లిఫ్టు నడిపేది రేవు పక్క ఆస్పత్రిలో కనుక, అందులో దేశదేశాలవాళ్ళూ ఎక్కుతారు. "పొద్దున్నించీ ఆయనకి ఊపిరాడనివ్వం" అంటాడొక ఓడ సరంగు. "మా దగ్గర రిటైరయ్యాడు" అంటాడొక వంటవాడు. "పెళ్ళికీ చావుకీ వచ్చి సంతకం పెట్టి పోతాడు" అంటుంది ఇంకొకావిడ. మావయ్య బుర్ర గోక్కుని, "ఒక్కడేనంటారు, ఇన్ని రకాల డ్యూటీలేమిటే?" అని మేనకోడల్ని పట్టుకుంటాడు.

ఆ పిల్ల అక్కడే నర్సు. మావయ్యకి ఉద్యోగం వేయించిన పాపానికి చీవాట్లన్నీ ఆమెకే. చలిదేశం నుంచి వచ్చిన ఇంజనీరమ్మ, భర్తకి గుండె ఆపరేషనని బెంగతో ఉన్న మనిషి, "ఇలాంటివి మా దగ్గర ఎవరూ అడగరు" అని సూపరింటెండెంటుకి ఫిర్యాదు చేసింది. ఇంకొక్కసారి అడిగితే ఇంటికి పంపేస్తానన్నాడాయన.

"మావయ్యా, నీకు పుణ్యముంటుంది, నోరు కట్టుకో."

"సరేలే. ఇంతకీ నీకు ఆయనతో పనెంత?"

పరీక్షలప్పుడు ఆమె రోజూ దండం పెట్టేది. పాసయ్యాక మరిచిపోయింది. దాన్నేమంటారో తేలక, రెండో అంతస్తులో దిగాల్సింది నాలుగులో దిగింది.

ఆపరేషన్ రోజు భోజనాల వేళ ఆమెకి మావయ్య థియేటర్ బయట కనిపించాడు. చంకలో అన్నం డబ్బా అలాగే ఉంది. సరంగుకీ ఆ రోజే ఆపరేషను. అతని తల్లి పక్కన కూర్చుని మావయ్య కళ్ళు మూసుకుని, ఆవిడతో పాటు పెదవులు కదుపుతున్నాడు. కాసేపటికి లేచి ఇంజనీరమ్మకి కాఫీ తెచ్చి ఇచ్చాడు. దేవుడి ఊసే లేదు.

"మీ ఆయన గురక పెడతాడాండీ?"

ఆవిడ నవ్వేసింది. ఆ గురక కథలు డాక్టరు బయటికొచ్చి "బాగానే ఉన్నాడు" అనేదాకా నడిచాయి.

మేనకోడలికి అయోమయంగా ఉంది. "ఒకరికలా, ఒకరికిలా ఏంటి మావయ్యా?"

"కొందరికి దేవుడున్నాడంటే ప్రాణం లేచొస్తుందే. కొందరికి ఆ మాట వింటేనే, అంతదాకా వచ్చిందా అని భయం. ఆకలి సంగతి అడక్కుండా వడ్డిస్తే ఎలా?"

ఆమెకి మావయ్య మీద కొండంత ప్రేమ పుట్టుకొచ్చింది. ఇంజనీరమ్మ తనే వెళ్ళి ఫిర్యాదు వెనక్కి తీసుకుంది.

మర్నాడు సూపరింటెండెంటు లిఫ్టెక్కాడు. చేతిలో తన సొంత ఎక్స్‌రే కవరుంది. మావయ్య బుద్ధిగా గోడకేసి చూస్తున్నాడు.

"ఏం, నన్నడగవా?"

"ఇంటికి పంపేస్తానన్నారు కదండీ."

"ఫర్వాలేదు, అడుగు."

మావయ్య అడిగాడు. నాలుగంతస్తులూ ఆలోచించి, తలుపు తెరుచుకున్నాక సూపరింటెండెంటు అన్నాడు: "తేలడం లేదోయ్. ఇంకోసారి కిందికి తీసుకుపో."