అక్షరాలు విడిగా పెట్టిన సీడీ

మొన్న విజయవాడలో తిరువూరు బస్సెక్కితే, పక్క సీట్లో కాలేజీ పిల్ల ఒకతె ఫోనులో జపాను వాళ్ళ బొమ్మల సినిమా చూసుకుంటోంది. కింద తెలుగు అక్షరాలు వస్తున్నాయి. ఏమనుకుందో ఏమో, వేలితో ఒక నొక్కు నొక్కి వాటిని తీసేసింది, మైలవరం దాటాక మళ్ళీ పెట్టుకుంది. ఔరా, ఇంత తేలికా ఇప్పుడు! ఆ అక్షరాల కోసం ఒకప్పుడు నేను పడ్డ పాట్లూ, చివరికి నేను చేసిన నిర్వాకమూ గుర్తొచ్చి, ఎ.కొండూరు దాకా కిటికీలోంచి మామిడి తోటలు చూస్తూ కూర్చున్నాను. పైగా నేను వెళ్తున్నది ఆ నిర్వాకానికి బలైన మనిషి ఇంటికే.

ఇంటికో కంప్యూటరు ఇంకా రాని ఆ రోజుల్లో నేను విజయవాడలో ఒక డీటీపీ షాపులో పెళ్ళి కార్డులు టైపు చేసేవాణ్ణి. నెట్టులోంచి దింపిన జపాను బొమ్మల కథలను సీడీల మీద ఎక్కించి ఒకరికొకరు పంచుకునే స్నేహితులు కొందరుండేవారు. ఎవరి అనుమతీ అడగలేదు, అడగాలన్న ఊహే మాకు రాలేదు. ఎప్పుడు కలిసినా ఒకటే చర్చ: ఏ ఫైలుగా పంచుకోవాలి? వీసీడీ చేస్తే ఎక్కడైనా ఆడుతుంది గానీ బొమ్మ అలుక్కుపోతుంది. ఏవీఐ చేస్తే ఒక్క సీడీలో మూడు నాలుగు భాగాలు పడతాయి. కొత్తగా వచ్చిన ఎమ్‌కేవీ అద్దంలా ఉంటుంది గానీ టీవీ కింద పెట్టుకునే ప్లేయర్లు దాని మొహం కూడా చూడవు. మన తరం వాళ్ళకు ఈ గోల గుర్తుండే ఉంటుంది.

తిరువూరులో మా చెల్లెలి కూతురికి పుట్టుకతోనే చెవులు వినిపించవు. టీవీ ముందు ఇంటిల్లిపాదీ నవ్వుతుంటే అందరి మొహాలూ చూసి ఒక్క క్షణం ఆలస్యంగా నవ్వేది. తెలుగు చదవడంలో మాత్రం బలే చురుకు. ఆ పిల్ల కోసమే నేను, ఆ కథల కింద వచ్చే ఇంగ్లీషు అక్షరాల బదులు తెలుగు మాటలు రాసి, బొమ్మ మీద పెట్టి, బావ కొన్న కొత్త డీవీడీ ప్లేయరులో ఆడేలా సీడీలు చేసి తెచ్చేవాణ్ణి. జపాను భాష ఆ ఇంట్లో ఎవరికి వచ్చు గనక! చెవులున్నవాళ్ళూ లేనివాళ్ళూ అక్కడ ఒక్కటే. చెల్లెలి అత్తగారికి అక్షరాలు ఆనవు కాబట్టి మనవరాలి భుజం తట్టి, "ఏమంటున్నాడే వాడు?" అని అడిగేవారు. ఆ పిల్ల చేతులతో, కళ్ళతో, తనకు వచ్చిన నాలుగు మాటలతో కథంతా చెప్పేది. ఆ గదిలో కథ చెప్పే మనిషి తనే. ఆ కాసేపు దాని మొహం చూడాలి!

అయితే ఆ అక్షరాలను బొమ్మ మీద అచ్చేయడానికి ఒక్కో భాగానికి పూటంతా పట్టేది. ఈలోగా కార్డుల పని ఆగిపోయి షాపు యజమాని సణుగుడు. దానికి తోడు స్నేహితులు, శుభ్రమైన బొమ్మ మీద ఈ తెలుగు పూత ఏమిటయ్యా, వేరే ఊళ్ళవాళ్ళు నీ సీడీ ముట్టుకోరు అని ఎగతాళి చేసేవారు. నాకు రోషం వచ్చింది. సరే, అందరికీ పనికొచ్చేలా చేద్దామని, ఈసారి బొమ్మను ఏవీఐగా శుభ్రంగా ఉంచి, తెలుగు మాటలను పక్కన విడి ఫైలుగా పెట్టాను. బావగారి ప్లేయరు అలాంటి ఫైలు కూడా చదువుతుందని డబ్బా మీద రాసే ఉంది. షాపులో ఆడించి చూస్తే ముత్యాల్లాంటి తెలుగు. కథ ముగిసే భాగాలున్న ఆ సీడీని తిరువూరు తీసుకెళ్ళి ఇచ్చి, వచ్చిన బస్సులోనే వెనక్కి తిరిగాను.

ఆ రోజుల్లో డీటీపీ చేసినవాళ్ళకు నా బుర్రతక్కువతనం ఈపాటికి తెలిసిపోయి ఉంటుంది. మేము టైపు చేసిన తెలుగు, కంప్యూటరు లోపల నిజానికి ఇంగ్లీషు అక్షరాలే. మా షాపు ఫాంటు తొడిగితేనే తెలుగులా కనిపిస్తుంది. బొమ్మ మీద అచ్చేసినప్పుడు ఆ తెలుగు బొమ్మలోనే కలిసిపోయేది, విడి ఫైలుగా పెడితే తిరువూరు ప్లేయరులో ఆ ఫాంటు ఎక్కణ్ణుంచి వస్తుంది?

చెల్లెలు ఫోన్ చేసింది. "అన్నయ్యా, ఈసారి ఇంగ్లీషులో పెట్టావేంటి? మాకెవరికీ అంత ఇంగ్లీషు రాదు, దానికీ ఒక్క ముక్క అర్థం కాలేదు. స్కూల్లో ఏం నేర్చుకుంటున్నావే అని మా అత్తయ్య ఒకటే సాధింపు." నాకు వెంటనే విషయం అర్థమైంది. కానీ ఆ ఇంట్లో నేను కంప్యూటర్ల మహానుభావుణ్ణి కదా! "అలవాటు చేసుకోనివ్వవే, ఎన్నాళ్ళని తెలుగే?" అనేశాను. ఆ మాట అన్న నోటిని ఏమనాలో నాకు ఈనాటికీ తెలియదు.

తర్వాత వెళ్ళినప్పుడు చూద్దును కదా, టీవీలో బొమ్మను ఆపి పెట్టి, ఒళ్ళో బావగారు కొనిచ్చిన డిక్షనరీ వేసుకుని వెతుకుతోంది నా తల్లి. కామాలూ బ్రాకెట్లూ కలగలిసిన ఆ పిచ్చిరాతలో మాటలు వెతుకుతోంది! ఏ దేశపు భాషా కాదది. నన్ను చూసి సిగ్గుపడుతూ, తనకు రావడం లేదని చెయ్యి తిప్పింది. తప్పు నాదని ఒక్క సైగ చేస్తే సరిపోయేది. బావ అక్కడే కూర్చుని ఉన్నాడు. నేను దాని తల నిమిరి, మెల్లగా వస్తుందిలే అన్నట్టు నవ్వాను. ఛీ!

మళ్ళీ అచ్చేసి తెద్దామనుకున్నాను. పెళ్ళిళ్ళ ముహూర్తాలు వచ్చి పడ్డాయి, ఆపైన కంప్యూటరులో హార్డు డిస్కు పోయింది, అందులోనే ఆ కథా పోయింది, తిరువూరులోని సీడీ కూడా గీతలు పడి చెడిపోయింది. అత్తగారు సీరియల్‌కు తిరిగిపోయారు. సీరియల్ వేళకు పిల్ల లేచి పెరట్లోకి వెళ్ళిపోయేది. ఇంగ్లీషు పుస్తకం తీయమంటే తల అడ్డంగా ఊపేదని చెల్లెలు బాధపడేది.

ఇప్పుడు ఆ పిల్ల తిరువూరులోనే జాకెట్ల మీద మగ్గం పని చేస్తోంది, చుట్టుపక్కల పెళ్ళికూతుళ్ళంతా తన దగ్గరికే వస్తారు. మొన్న వెళ్ళగానే, ఇక ఆగలేక, నా ఫోనులో తెలుగులో అంతా టైపు చేసి చేతికిచ్చాను: అది ఇంగ్లీషు కాదమ్మా, నా పొరపాటు, తెలిసీ చెప్పలేదు. రెండుసార్లు చదివింది. నా చేతి మీద చుర్రుమనేలా ఒక్కటి వేసింది. కళ్ళు తుడుచుకుని, తిరిగి టైపు చేసింది: "ఇంగ్లీషు నా వల్ల కాదని అప్పుడే వదిలేశాను మావయ్యా." సూది అందుకుని జాకెట్టు మీద నాలుగు కుట్లు వేసింది. తర్వాత ఫోను మళ్ళీ తీసుకుంది. "చివర్లో వంతెన మీద ఆ అమ్మాయి వాళ్ళన్నతో ఏమంది?"

ఆ మాటలు నేను నా చేతులతో తెలుగులో రాసినవి. ఒక్కటీ గుర్తు రాలేదు, ఆ కథ పేరైనా గుర్తు రాలేదు. ఈ రోజుల్లో ఏ భాష అక్షరాలు కావాలంటే అవి వేలితో నొక్కితే వస్తున్నాయి, ఫాంట్ల బాధ లేదు, ప్లేయర్ల బాధ లేదు, సంతోషమే. ఆ ఒక్క మాట కోసం ఇన్నేళ్ళుగా ఎదురుచూసిన మనిషి మాత్రం నా మొహంలోకి చూస్తూ కూర్చుంది, నేను తెలియదని చెయ్యి తిప్పాను.