చెయ్యి తిప్పింది నేనే

గిద్దలూరులో నా టాటూ షాపు గోడకు ఒక బోర్డు ఉంది. ఆర్మీ సెలక్షన్లకు వెళ్ళే పిల్లలకు ముంజేతి లోపలి వైపు తప్ప ఇంకెక్కడా టాటూ వేయబోమని అందులో రాయించాను. దాన్ని చూసి చాలామంది మెచ్చుకున్నారు. బేరం పోయినా పిల్లల బాగు చూసే మనిషినని ఒక రిటైర్డ్ మాస్టారు నలుగురిలో అన్నారు. నేను చేతులు జోడించి నమస్కారం పెట్టాను. ఆ బోర్డు ఎందుకు పెట్టాల్సి వచ్చిందో మాత్రం ఆయనకు చెప్పలేదు, ఎవరికీ చెప్పలేదు. అది ఇప్పుడు రాస్తున్నాను.

మొదట్లో నేను మార్కాపురంలో బండ్లకు రేడియం స్టిక్కర్లు అంటించేవాణ్ణి. నంబరు ప్లేట్లు, ట్రాక్టర్ల మీద దేవుడి బొమ్మలు, ఆటోల అద్దాల మీద పిల్లల పేర్లు. ఏది ఎక్కడ అంటిస్తే వెనక వచ్చేవాడి కంట పడుతుందో ఆ పనిలోనే నేర్చుకున్నాను. కింద మూలన నా షాపు పేరు కూడా చిన్నగా వేసేవాణ్ణి. తర్వాత బెంగళూరులో రెండు నెలలుండి టాటూ పని నేర్చుకుని వచ్చి, మార్కాపురంలోనే బస్టాండు దగ్గర మేడమీద గది అద్దెకు తీసుకున్నాను. పని మారినా ఆ పాత లెక్క నన్ను వదల్లేదు. బైకు మీద పోయే కుర్రాడి చేతికి బయటి వైపు టాటూ ఉంటే పక్క బండివాడు చూస్తాడు, ఎక్కడ వేయించావని అడుగుతాడు. లోపలి వైపు ఉంటే ఎవరికీ కనిపించదు. అందుకని ఎవరొచ్చినా బయటి వైపుకే ఒప్పించేవాణ్ణి.

మార్కాపురం షాపు నిలదొక్కుకున్నాక రెండోది గిద్దలూరులో, అదీ మేడమీదే, తెరిచాను. అక్కడి పల్లెల్లో ఆర్మీలో చేరినవాళ్ళు లేని వీధి అరుదు. తెల్లవారితే కాలేజీ గ్రౌండు నిండా పరుగు తీసే కుర్రాళ్ళే. నాకు గిరాకీ ఆ వయసు వాళ్ళే. తెరిచిన కొత్తలో ఒక మాజీ సైనికుడు కూతురి పేరు వేయించుకోవడానికి వచ్చి, కుర్చీలో కూర్చుని నాకు నియమం చెప్పాడు.

"మోచేతి మడత నుంచి మణికట్టు దాకా, లోపలి పక్కనైతే ఏమనరు. బయటి పక్క ఉంటే మెడికల్‌లో తిప్పి పంపుతారు. పిల్లోళ్ళ కడుపు కొట్టేవు, చూసుకో తమ్ముడూ."

"అట్ల ఎందుకు చేస్తానన్నా" అన్నాను. కాబట్టి నాకు తెలియక జరిగిందని అనడానికి లేదు.

కొన్నాళ్ళకు ఆ కుర్రాడు వచ్చాడు. దగ్గరి పల్లె. తండ్రి గొర్రెలు మేపుతాడు, కొంచెం మెట్ట పొలం ఉంది. సెలక్షన్లకు ఇంకా రెండు నెలలుంది. తల్లి పేరు వేయించుకోవాలని వచ్చి, కుర్చీలో కూర్చోగానే అరచెయ్యి పైకి పెట్టి ముంజెయ్యి చాపాడు.

"లోపలికే వెయ్యన్నా. బయటుంటే ఒప్పుకోరంట."

"ఎవురు చెప్పినారు?"

"గ్రౌండులో అందరూ అంటాండారు."

"గ్రౌండులో మాటలకేం లే. అవన్నీ పాత రూల్సు. అమ్మ పేరు నలుగురికీ కనపడాలగాని, దొంగసొమ్ము మాదిరి దాచిపెట్టుకుంటారా ఏంది?"

పక్కన కూర్చున్న అతని స్నేహితులు నవ్వారు. అతని ముఖం చిన్నబోయింది. సూది పెట్టే ముందు అక్షరాల అచ్చును ఊదా రంగులో చర్మానికి అద్దుతాం. అచ్చు తీసుకుని, అతని మణికట్టు పట్టుకుని చెయ్యి బోర్లా తిప్పాను. అతను ఒక్క క్షణం చెయ్యి బిగించి, తర్వాత వదిలేశాడు. అక్షరాలు బాగా కుదిరాయి. అయ్యాక అతను బైకు మీద కూర్చుని చెయ్యి చూపిస్తూ నవ్వుతుంటే వీడియో తీసి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టాను. ఆ వీడియో చూసి వచ్చిన వాళ్ళతో రెండు మూడు వారాలు షాపు ఖాళీ లేదు.

సెలక్షన్లలో అతను పరుగులో ముందు వరసలో వచ్చాడట. మెడికల్‌లో చెయ్యి చూసి పంపేశారు.

నాలుగు రోజుల తర్వాత తండ్రీ కొడుకులు షాపుకు వచ్చారు. ఆ రోజు బెంచీ మీద నలుగురు గిరాకీలు కూర్చుని ఉన్నారు. తండ్రి లుంగీ సర్దుకుని, గొంతు పెంచకుండానే అడిగాడు.

"తమ్ముడూ, వీడు లోపలికి వెయ్యమన్నాడంట. నువ్వే బయటేసినావంట. నిజం చెప్పు, నేనేం గొడవకు రాలేదు."

నిజంగానే ఆయన గొడవకు రాలేదు. కొడుకు మాట నిజమో కాదో తెలుసుకోవడానికి వచ్చాడు. నేను బెంచీ వైపు చూశాను. ఈ మాట బయటికి పోతే గ్రౌండు నుంచి ఒక్కడు కూడా మెట్లెక్కడు అనుకున్నాను.

"మేం ఎక్కడ వెయ్యమంటే అక్కడ వేసేవాళ్ళం అన్నా. బయటికే కావాలని పట్టుబట్టింది మీవాడు. కావాలంటే చూడు" అని ఫోన్లో ఆ వీడియో చూపించాను. కొడుకు చెయ్యి చూపించి నవ్వుతున్నాడు.

"అన్నా, చెప్పన్నా" అన్నాడు కుర్రాడు. అంతే అన్నాడు. నేను ఫోను తండ్రి చేతికిచ్చాను.

తండ్రి వీడియో చివరిదాకా చూశాడు. "ఉద్యోగం పోతే పోయింది. అబద్ధం యాడ నేర్చినావురా?" అని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. కొడుకు వెంటనే దిగలేదు. నావైపు చూస్తూ కాసేపు నిలబడి, తర్వాత వెళ్ళాడు.

ఆ నెలలోనే బోర్డు రాయించాను. పశ్చాత్తాపంతో రాయించానని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. అదీ నిజం కాదు. ఇలాంటి మాట మరోసారి వస్తే చూపించడానికి ఉంటుందని రాయించాను. అది వ్యాపారానికీ పనికొచ్చింది. ఆర్మీ పిల్లలకు నమ్మకమైన షాపు అని పేరు వచ్చి, కనిగిరిలో మూడోది తెరిచాను.

నాలుగేళ్ళ తర్వాత, పోయిన వేసవిలో ఒకావిడ గిద్దలూరు షాపుకు వచ్చింది. ఆ కుర్రాడి తల్లినని చెప్పింది. తిట్టడానికి వచ్చిందనుకుని లేచి నిలబడ్డాను.

"కూచో అబ్బయ్యా. నిన్నొక సాయం అడగనీకి వచ్చినా. వాడు బెంగళూరులో గోడౌన్లో పనిచేస్తాండాడు. లేజరు పెట్టిచ్చుకుంటే నా పేరు పోయింది గాని, మచ్చ అట్లనే ఉండిపాయె. ఇంగ వయసూ దాటిపాయె. అది పోనీలే. వాళ్ళ నాయన నాలుగేండ్లుగా వానితో మాట్లాడడు. అబద్ధమాడినానని ఒక్క మాట ఒప్పుకోమంటాడు ఈయన. వాడేమో ఒప్పుకోడు. నువ్వు మంచోడివని అందురూ చెప్తారు. వానికి ఫోన్ చేసి, తప్పు ఒప్పుకోరా అని నచ్చజెప్పు నాయనా."

నేను చెప్పేశాను. చెయ్యి తిప్పింది నేనేనని, నియమం తెలిసే తిప్పానని, వాళ్ళాయన ముందు అబద్ధమాడానని. ఆమె మధ్యలో ఆపలేదు. అంతా విన్నాక, "నేను గూడా వాణ్ణి నమ్మలేదే" అంది. నన్ను తిట్టలేదు. కొంగుతో ముఖం తుడుచుకుని లేచింది.

"నాకు గాదు ఇది చెప్పాల్సింది. పా."

ఆమెను బండి మీద ఎక్కించుకుని వాళ్ళ ఊరి బయటికి వెళ్ళాను. కోత అయిపోయిన కంది చేలో ఆయన గొర్రెలు మేపుతున్నాడు. భార్య నా బండి దిగడం చూసి ఎదురొచ్చాడు. నేను నిలబడే అంతా చెప్పాను. ఆయన కర్ర మీద చేతులానించి విన్నాడు. కొడతాడనుకున్నాను, కొడితే బాగుండుననుకున్నాను.

"ఆ పొద్దు వాడు కుర్చీలో కూచుని ఏమన్నాడు? ఇంగోసారి చెప్పు."

"లోపలికే వెయ్యన్నా అన్నాడు."

"నువ్వేమన్నావు?"

చెప్పాను. మళ్ళీ మొదటి నుంచి చెప్పించాడు. మూడోసారి చెబుతుంటే చెయ్యెత్తి ఆపమన్నాడు.

"వానికి చెప్పినావా ఈ మాట?"

"లేదన్నా. ఇప్పుడే చేస్తా" అని ఫోను తీశాను.

"నువ్వు చెయ్యాకు."

భార్య చేతిలో ఫోను తీసుకుని, నంబరు ఆమెతోనే కలిపించుకుని, గట్టు వైపు వెళ్ళాడు. అవతల కొడుకు ఎత్తినట్టున్నాడు. ఆయన ఫోను చెవికి ఆనించుకుని నిలబడ్డాడు. తర్వాత నాకు వీపు పెట్టి కూర్చున్నాడు. ఆమె వెళ్ళి పక్కన కూర్చుంది. మాటలు నాకు వినపడలేదు.

ఆలోపు గొర్రెలు రోడ్డు వైపు సాగాయి. నేను పరుగెత్తి అదిలించాను. అవి నా గొంతు లెక్కచెయ్యలేదు. ఆయన కూర్చున్న చోటు నుంచే, ఫోను చెవి నుంచి తియ్యకుండా, ఒక్క కేక వేశాడు. అన్నీ వెనక్కి తిరిగాయి. ఇద్దరిలో ఎవరూ నావైపు చూడలేదు. ఎండలో ఇంకాసేపు నిలబడి, బండి తీసుకుని వచ్చేశాను.