ఆఫ్‌లో ఉన్న తెలుగు

ఆఫీసులో నాకున్న పేరల్లా 'సెట్టింగులు బాగా తెలిసిన మనిషి' అని. హైటెక్ సిటీలో మా బిల్డింగుకి ఆన్‌లైన్ ట్రైనింగ్ చూసేది నేనే. ఎవరికి ఏ కోర్సు వెళ్లాలి, ఎన్ని మార్కులొస్తే పాస్, ఎన్నిసార్లు రాయొచ్చు, ఇవన్నీ స్క్రీన్ మూలన సెట్టింగుల గుర్తుగా ఉండే పళ్లచక్రం బొమ్మ వెనకాల ఉంటాయి. ఆ బొమ్మ నొక్కే అధికారం మా అంతస్తులో నా ఒక్కదానికే ఉండేది. దాంతోపాటు కాస్త పొగరూ ఉండేది, దాచుకోను.

ఆ యేడు హౌస్‌కీపింగ్ వాళ్లు, సెక్యూరిటీ వాళ్లు కూడా అగ్నిప్రమాదాల కోర్సు చెయ్యాలన్నారు. అరగంట వీడియో, చివర పది ప్రశ్నలు, ఎనిమిది ఒప్పు రావాలి. మూడుసార్లు తప్పితే గేటు దగ్గర కార్డు పనిచెయ్యదు. కార్డు పనిచెయ్యకపోతే కాంట్రాక్టరు వేరే మనిషిని పంపిస్తాడు. ఇంత మంది కూటితో ముడిపడిన పనిని నేను పావుగంటలో ముగించేశాను. ఇంజనీర్ల కోసం పెట్టిన పాత కోర్సును కాపీ చేసి, వీళ్ల పేర్లు ఎక్కించి, టీకి వెళ్లిపోయాను. వాళ్లు చదివేదేముంది, ఎలాగూ సూపర్‌వైజరే చేస్తాడు కదా అనుకున్నాను.

నిజంగానే సూపర్‌వైజరే చేస్తాడు. ప్యాంట్రీలో అందర్నీ వరసగా నిలబెట్టి, ఒక్కొక్కరి ఫోనూ తీసుకుని, వీడియోను సౌండు లేకుండా ఒక పక్కన వదిలేసి, తనకు బట్టీ వచ్చిన జవాబులు టకటకా నొక్కేస్తాడు. ఫోను తిరిగి చేతికొచ్చేసరికి వాళ్లు పాస్. అందరికీ తెలిసిన సంగతే. ఎవరూ అడగరు.

మా అంతస్తు ఊడ్చే ఆవిడ ఒక్కతే ఫోను ఇవ్వలేదు. పాలమూరు వైపు మనిషి, గోపన్‌పల్లిలో ఒక గది కిరాయికి తీసుకుని ఉండేది. భర్త సెంట్రింగ్ పనిలో కింద పడి నడుం పోగొట్టుకున్నాక ఇల్లు గడిచేది ఈ ఉద్యోగం మీదే. ఏడో తరగతి దాకా చదివింది. పొద్దున్నే రిసెప్షన్ బల్ల తుడుస్తూ తెలుగు పేపరు పైకే చదువుకునేది, అదీ ఎక్కడా తడబడకుండా. "చదువుకున్నదాన్ని సార్, నా బదులు మీరు నొక్కుడేంది? నా పరీక్ష నేనే రాస్త," అంది. ఆయన నవ్వి, నీ ఖర్మ అన్నాడు.

రెండుసార్లు తప్పింది. రెండోసారి తర్వాత నా సీటు దగ్గరికొచ్చి నిలబడింది.

"అంత ఇంగ్లీషే ఉంది మేడం. జర ప్రశ్నలు తెలుగుల చెప్పుండ్రి, జవాబు నేనే పెట్టుకుంట."

నేను స్క్రీన్ మీంచి తల తిప్పలేదు. "అలా చెప్పకూడదమ్మా, రూల్స్ ఒప్పుకోవు," అన్నాను. బిల్డింగు మొత్తం పరీక్షలు ఒక్కడే రాసేస్తుంటే నోరు మెదపని దాన్ని, ఆవిడ ముందు నాకు రూల్స్ గుర్తొచ్చాయి.

మూడోసారి ఆరు మార్కులొచ్చాయి. బొమ్మలు చూసి ఊహించి పెట్టుకుందట. మర్నాడు గేటు తెరుచుకోలేదు.

ఆ మధ్యాహ్నం మనసు ఊరుకోక పళ్లచక్రం నొక్కాను. తేదీలు, మార్కులు, సర్టిఫికెట్లు దాటుకుంటూ అట్టడుగుకి వెళితే 'భాషలు' అని ఉంది. తెరిచాను. ఇంగ్లీషు ఆన్, హిందీ ఆఫ్, తెలుగు ఆఫ్. తెలుగు మీద వేలు పెట్టగానే పచ్చగా మారిపోయింది. కోర్సు తెరిచి చూశాను. పొగ కమ్ముకుంటే నేలకు వంగి నడవాలని ఒక ఆడగొంతు చక్కటి తెలుగులో చెబుతోంది. పది ప్రశ్నలూ తెలుగులో ఉన్నాయి. ఆవిడ పేపరు చదివే తీరుకి అవి పది నిమిషాల పని.

ఇంకో పేజీలో, తప్పినవాళ్లకి మళ్లీ అవకాశం ఇచ్చే సెట్టింగూ ఉంది. దానికి మేనేజరు అనుమతి కావాలి. కారణం రాస్తూ మెయిల్ పెట్టాలి. రాయడం మొదలుపెట్టాను. 'తెలుగు ఆన్ చేయకపోవడం నా పొరపాటు' అన్న దగ్గర చెయ్యి ఆగింది. ఆ నెలలోనే నా ప్రమోషన్ మాట నడుస్తోంది. ఇంతలో మేనేజరు నా పక్కగా పోతూ, "హౌస్‌కీపింగ్ కోర్సు అయిపోయిందాండీ?" అన్నాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు గబుక్కున మెయిల్ మూసేశాను.

"అయిపోయిందండీ. ఒక్కరే ఫెయిల్."

"ఒక్కరేనా? గుడ్," అని ఆయన వెళ్లిపోయాడు.

రేపు పంపుదాంలే అనుకున్నాను. మర్నాడూ అదే అనుకున్నాను. మూడో రోజు కాంట్రాక్టరు కొత్తామెను పంపించాడు. ఇక పంపి ఏం లాభం అని నాకు నేనే సర్దిచెప్పుకుని ఆ మెయిల్ తీసేశాను. నాకు సిగ్గేసింది, అయినా తీసేశాను.

కొన్ని వారాలకు కొండాపూర్‌లో మా వీధి చివర లేడీస్ హాస్టల్ ముందు కనిపించింది. వాకిట్లో పెద్ద పెద్ద గిన్నెలు ముందేసుకుని తోముతోంది. వేళ్ల సందులు పగిలి ఎర్రగా ఉన్నాయి. తల తిప్పుకుని పోదామనుకున్నాను గానీ, ఆవిడే లేచి వచ్చింది.

"బాగున్నరా మేడం? నా జాగల వచ్చినామె ఫోన్ చేసింది. ఆమెకు పరీక్ష తెలుగుల వచ్చిందంట. ఒక్కపారికే పాసైందంట. కొత్తగ పెట్టిండ్రా?"

నిజం చెబితే ఆవిడ నన్ను చేయగలిగింది ఏమీ లేదు. ఆ సంగతి తెలిసి కూడా చెప్పలేకపోయాను.

"అవునమ్మా. ఈమధ్యే వచ్చింది."

ఆవిడ ముఖం తేలికపడింది. "నేను గదే అన్న ఆమెతోని. ముందుగాల ఉంటే మా మేడం నాకు చెప్పకుంటదా అని."

లోపల్నుంచి ఎవరో కేకేశారు. తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ వెళ్లిపోయింది.