రేసు గేరుబాక్సు, మంగళవాడ గొర్రెలు

మా బావమరిది కొత్త కారులో ఉన్నది రేసుల నుంచి వచ్చిన గేరుబాక్సట. కొన్నప్పటి నుంచీ నా పాత కారును ఎగతాళి చేస్తున్నాడు. నిదానంగా పాకిస్తే అలాంటివి వేడెక్కుతాయని చదివి చెబితే నవ్వాడు.

ఈ రోజు వై.ఎన్.హొసకోటలో వాడి కొడుకు నిశ్చితార్థం. రాహుకాలం రాకముందే తాంబూలాలు మార్చుకోవాలి. దారిలో రెండు పక్కలా సోలార్ పలకలున్న రోడ్డు మీద మంగళవాడ ఊరి గొర్రెల మంద వెనక పాకీ పాకీ వాడి కారు వేడెక్కి ఆగిపోయింది. పెళ్లికొడుకుతో సహా వెనకే వస్తున్న నా కారెక్కాడు.

“రేసుల్లో గొర్రెలు అడ్డం రావు గదప్పా?” అన్నాను.

“ఆ మాట రేపు అందువులే, ముందు బండి పోనీ బావా! రాహుకాలం వచ్చేస్తాండాది.”

వేళకే చేర్చాను. దారి పొడుగునా గేరు ఎప్పుడు మార్చాలో వాడు నాకు నేర్పుతూనే ఉన్నాడు. ఇలాంటి బావమరిది మీకూ ఉంటే చెప్పండి, ఇద్దరినీ ఒకే కారులో కూర్చోబెడదాం.