రిజిస్టరులో కొత్త తండ్రి

మా వంశవృక్షం రాయడం కష్టమనుకోలేదు. మా ఇంట్లో పెద్ద కొడుక్కి తాత పేరు పెడతారు. నాది మా తాత పేరు, మా నాన్నది ఆయన తాత పేరు. పాత కాగితాల్లో ఇంటిపేరు ఉండదు, ఫలానా ఆయన కొడుకు ఫలానా అని మాత్రమే ఉంటుంది. రెండే పేర్లు తరం విడిచి తరం వస్తాయి కాబట్టి ఏడు తరాలు ఇంట్లో కూర్చునే రాసేశాను. భూములు పోయాయి, మిద్దె కురుస్తోంది. ఆ పేర్లు మాత్రం ఎవరూ కొనలేదు.

అల్లుణ్ణి అందులో చేర్చలేదు. ఒక్కతే కూతురని రాయచోటి వైపు నుంచి అతన్ని ఇల్లటం తెచ్చుకుని మా ఇంట్లోనే పెట్టుకున్నాం. మిగిలిన నాలుగెకరాలూ అతనే చేస్తున్నాడు. అయినా బయటివాడే.

"నన్ను ఇడిసిపెట్టు మామా. నా కొడుకును ఎవరి కొడుకని రాస్తావు?" అన్నాడు.

"నా మనవడని రాస్తా," అన్నాను.

అచ్చుకిచ్చే ముందు సరిచూసుకుందామని కర్నూలు వెళ్ళి పాత భూమి రిజిస్టరు తీయించాను. మా తాతగారి తాత దొరికాడు. మా పొలమే, నా పేరే. పక్కన ఆయన తండ్రి పేరు చూసి అదిరిపడ్డాను. మా ఇంట్లో ఎన్నడూ వినని పేరు.

"ఇది తప్పు రాసినారమ్మా," అని, తండ్రిగా నేను రాసుకున్న పేరు గుమాస్తాకు చెప్పాను.

ఆమె ముందు పేజీ తిప్పింది. "తప్పు కాదు సార్. పొలం మొదట మీరు చెప్తాండే పెద్దాయన పేరునే ఉండాది. ఆయనకు మగబిడ్డ లేడు. ఈయప్పది రాయచోటి తట్టు. ఈడ సూడండి, ఇల్లటం అల్లుడని రాసుండారు."

పేజీ మీద వేలు పెట్టి మళ్ళీ చదివాను. అదే ఉంది. ఏడు తరాల పేరని నేను మోస్తున్నది, ఆ అల్లుడు తనతో తెచ్చుకున్న పేరు.

కల్లూరు దాటేదాకా బస్సులో నిలబడే ఉన్నాను. సీటు ఖాళీగా ఉందని కండక్టరు చెబితేగాని తెలియలేదు.

ఇంటికి వచ్చేసరికి అల్లుడు కాళ్ళు కడుక్కుంటున్నాడు. "తేలిందా మామా?" అన్నాడు.

వంశవృక్షం కాగితం అరుగు మీద పరిచాను. "మీ నాయన పేరేంది?"

పెళ్ళిపత్రికలో నేనే అచ్చు వేయించిన పేరు. గుర్తులేదు.

అతను నా ముఖంలోకి చూశాడు. "ఆయనెందుకు మామా? మీ ఇంటోడు కాదు కదా?"

"రాయాల," అన్నాను. "చెప్పప్పా."